ఖాళీ గడి

ఆఫీసు, నాలుగో అంతస్తు, కిటికీ పక్క బల్ల
జూన్ 6

ఒరే కప్పా,

ఈ ఉత్తరంతో పాటు వచ్చిన డబ్బా చూసి కంగారుపడకు. అందులో ఉన్నది ఫోనే గానీ నాతో మాట్లాడమని పంపలేదు. ఫోన్లో మన సంగతి తెలిసిందేగా. "తిన్నావా" అంటాను. "తిన్నా" అంటావు. ఆ తర్వాత ఇద్దరం అవతలి గాలి చప్పుడు వింటూ కూర్చుంటాం. కాగితం మీదైతేనే నీకు నోరొస్తుంది. నాకూ అంతే.

నా ఉద్యోగం ఏమిటని నువ్వు ఎన్నిసార్లు అడిగినా దాటేశాను. ఇప్పుడు నీతో పనిపడింది కాబట్టి చెప్తున్నా. బల్ల మీది కంప్యూటర్లో ఇంటర్నెట్ పేజీలు చూపించే ప్రోగ్రాముని బ్రౌజర్ అంటారు కదా, దాన్ని అరచేతిలో పట్టే ఫోన్లోకి దించడం మా పని. చెప్పడానికి ఇంతే. చేస్తుంటే మాత్రం ప్రాణం తోడేస్తోంది. ఉన్న పేజీలన్నీ పెద్ద తెర కోసం కట్టినవి, మంచం మీద దుప్పటి పరిచినట్టు ఉంటాయి. నా తెర నాలుగు వేళ్ళ వెడల్పు. పైగా ఈ ఫోనుకి మెమరీ తక్కువ, బ్యాటరీ తక్కువ, సిగ్నల్ వచ్చేది బొట్లు బొట్లుగా. బల్ల దగ్గర కూర్చున్నవాడికి మౌస్ ఉంటుంది, దాని బాణం సూదిమొనంత. ఫోను పట్టుకున్నవాడికి ఉన్నది బొటనవేలు.

నా బల్ల మీద ఇప్పుడు పదకొండు ఫోన్లున్నాయి. రోజంతా వాటితోనే నా కాపురం. ఒకటి వేడెక్కి ఆరిపోతుంది, ఇంకోటి సగం పేజీ చూపించి మొరాయిస్తుంది. మా గదిలో పద్నాలుగు మందిమి. అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లే. మొన్న నేను వరసగా ఏడుసార్లు తుమ్మితే ఒక్క తల కూడా లేవలేదు.

మేం పరీక్షించేదంతా చల్లటి గదిలో, కుర్చీలో కూర్చుని. అదేం పరీక్ష? నువ్వు సరుకు పడవకి సరంగువి. ఎండలో, ఊగే పడవ మీద, ఒక చేత్తో చుక్కాని పట్టుకుని రెండో చేత్తో ఫోను చూసే మనిషి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. వాడి చూడు. ఏది చిరాకు పెట్టిందో రాయి. మొహమాటపడకు, తిట్టు.

నిన్ను చూసి నాలుగేళ్ళయింది. ఫోటో పంపరా అంటే పడవ ఫోటో పంపావు.

అక్క

*

పడవ మీద నుంచి, నది సముద్రంలో కలిసే మొగకి రెండు మైళ్ళ ఇవతల
జూన్ 29

అక్కా,

తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను.

ముందు నా బొటనవేలు. తాళ్ళు లాగి లాగి అది దుంపలా తయారైంది. నీ పేజీలో నొక్కాల్సిన మాటలేమో చీమల బారులా ఉన్నాయి. వాతావరణం మీద నొక్కితే జుట్టు రాలకుండా ఉండే నూనె ప్రకటన తెరుచుకుంది. అది చూసి మా ఇంజన్ డ్రైవరు, "దానికి నీ అవసరం తెలుసు సరంగూ" అని రేవు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు. ఆయన గురించి రాశాను కదా. పడవలో మేం ఇద్దరమే. నేను పైన చుక్కాని దగ్గర, ఆయన కింద ఇంజన్ గదిలో. చుట్టం కాకపోయినా బాబాయి అనే పిలుస్తాను.

రేవు ఆఫీసు పేజీలో పైన మెనూ ఉంది. ఆఫీసు కంప్యూటర్లో అయితే బాణం దాని మీద ఆనిస్తే చాలు, కిందికి జారుతుంది. ఇక్కడ ఆనించడమెలా? వేలు పెడితే నొక్కినట్టే. ఇక బొమ్మలు. రేవు పెద్దాఫీసరు ఫోటో దిగడం మొదలై సగంలో సిగ్నల్ పోయింది. నుదురొక్కటే వచ్చింది. గంటసేపు ఆ నుదురు చూస్తూ పడవ నడిపాను.

వీటితో సర్దుకుపోవచ్చు. సర్దుకుపోలేనిది నీళ్ళ పట్టిక. నదిలో ఎక్కడ ఎంత లోతుంటుందో ముందురోజే అంచనా వేసి పట్టిక పెడతారు. ఎడమవైపు చోట్ల పేర్లు: వంతెన, పాత మిల్లు, నడిమి మేట, మొగ. పైన వేళలు: తెల్లవారుజాము, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం. ఆఫీసు గోడ మీది బోర్డుకీ అదే అంటిస్తారు. నీ ఫోన్లో సాయంత్రం అంకె చూడాలంటే పక్కకి జరపాలి. జరిపితే చోటు పేరు పోతుంది. పేరు కోసం వెనక్కి వస్తే అంకె పోతుంది. తలుపు సందులోంచి ఊరేగింపు చూస్తున్నట్టుంది. ఈలోపు పడవ ఎటు పోతోందో చూసేదెవరు?

ఒక్క మంచి మాట. పొద్దుటినుంచి బాబాయి కిందే ఉంటాడు, ఇంజన్ రొదలో నా కేక ఆయనకి వినపడదు. పైన నేనూ నీళ్ళూ. అలాంటప్పుడు ఫోను తీసి, ఇది అక్క చేసింది కదా అని ఊరికే పట్టుకుంటాను. పేజీ రాకపోయినా సరే.

కప్ప

*

ఆఫీసు, నాలుగో అంతస్తు
జూలై 20

ఒరే కప్పా,

నీ ఉత్తరం మా మీటింగులో చదివి వినిపించాను. నుదురు దగ్గరికి వచ్చేసరికి గదంతా నవ్వింది. ఆరేళ్ళలో నా నోటినుంచి వచ్చిన మాటకి ఇక్కడ నవ్వు రావడం అదే మొదలు. బయటికి వస్తుంటే ఒకావిడ "మీ తమ్ముడు భలే మనిషండీ" అంది. నీ పుణ్యమా అని నాతో ఒకరు మాట్లాడారు.

మెనూ ఒకసారి నొక్కితే తెరుచుకునేలా మార్చాం. అక్షరాలు ముందు దిగుతాయి, బొమ్మలు వాటి వెనక. నుదుళ్ళ బెడద ఉండదు.

పట్టిక సంగతి నేనే పట్టుకున్నాను. పక్కకి జరపడమనే మాటే లేకుండా చేశాను. పేజీ ఎంత వెడల్పున్నా ముక్కలు చేసి, ఒకదాని కింద ఒకటి, ఒకే నిలువు వరసలో పేరుస్తాం. వేలు పైకీ కిందికీ ఆడిస్తే చాలు. ఇందులో ఒక తలనొప్పి వచ్చింది. పేజీలు కట్టేవాళ్ళు పట్టికల్ని అంకెల కోసమే వాడరు. బొమ్మ ఇక్కడ, రాత అక్కడ కుదురుగా నిలబడడానికి కనపడని పట్టిక గీసి, మధ్యలో ఎడం కోసం ఖాళీ గళ్ళు వదులుతారు. అవన్నీ నిలువుగా పేరిస్తే తెరంతా తెల్లగా ఉండి, ఒక్క మాట కోసం మైలు దూరం జరపాల్సి వచ్చేది. అందుకని ఒక నియమం రాశాను. గడి ఖాళీగా ఉంటే తీసెయ్. అంతే, ఒక్క వాక్యం. పేజీలు సగానికి సగం పొట్టివయ్యాయి. మా మేనేజరు నా బల్ల దాకా నడిచొచ్చి "బాగుంది" అన్నాడు. ఆయన కాళ్ళు ఇటు తిరగడం ఇదివరకు ఎవరూ చూడలేదట.

కవరులో గోరంత కార్డు ఒకటి అంటించాను. ఫోను వెనక మూత తీసి పెట్టు. కొత్త బ్రౌజరు అందులో ఉంది. పారేసుకునేవు!

అక్క

*

పడవ మీద నుంచి, పాత మిల్లు దగ్గర లంగరు వేసి
ఆగస్టు 11

అక్కా,

నువ్వు ఘటికురాలివి. నడిమి మేట పేరు, దాని కింద నాలుగు అంకెలు, ఒకదాని కింద ఒకటి. మూడోది మధ్యాహ్నానిది. చూశానంటే చూశాను, ఒక్క చేత్తో, పడవ మలుపు తిప్పుతూ. లంగరు వేశాక బాబాయిని పైకి పిలిచి చూపించాను. చేతులు తుడుచుకుని, ఫోను దూరంగా పట్టుకుని చదివి, "మీ అక్క ఇంత పని చేస్తుందని ఏనాడైనా చెప్పావా? ఎప్పుడూ ఒంటరిగా ఉంటుందనే చెప్తావు" అన్నాడు.

పొద్దున్నే బోర్డు చూడ్డానికి రేవు ఆఫీసు మెట్లెక్కడం మానేశాను. నలభై రెండు మెట్లు, నా మోకాళ్ళు నీకు దణ్ణం పెడుతున్నాయి. మిగతా సరంగులు అసూయగా చూస్తున్నారు.

బాబాయి వచ్చే ఏడు పని మానేస్తాడట. పడవలో ఇంకెవరొస్తారో. ఇప్పటినుంచే దిగులుగా ఉంది.

కప్ప

*

ఇంటి నుంచి
అక్టోబరు 3

ఒరే,

ఏమైపోయావు? ఏడు వారాలు దాటింది. రెండు ఉత్తరాలు రాశాను. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. పనెక్కువైతే ఎక్కువని ఒక ముక్క గీకి పడెయ్. తపాలా పెట్టె తాళం రోజుకి మూడుసార్లు తీస్తున్నాను. కింది వాటా ఆవిడ "ఎవరిదైనా కబురు రావాలా?" అని అడిగింది. ఆవిడతో నాకు అదే మొదటి మాట. ఏం చెప్పాలో తెలీక కరెంటు బిల్లు అన్నాను.

కొత్త కార్డు పంపనా?

అక్క

*

రేవు గోదాము
అక్టోబరు 14

అక్కా,

బాగానే ఉన్నాను. పని ఒత్తిడి. ఫోను నీళ్ళలో తడిసింది, అందుకే తియ్యలేదు. కొత్త కార్డు వద్దు. ఒంట్లో జాగ్రత్త.

తమ్ముడు

*

ఇంటి నుంచి
అక్టోబరు 20

కప్పా,

ఉత్తరం పైన "రేవు గోదాము" అని రాశావు. పదేళ్ళుగా నీ ఉత్తరాలు పడవ మీద నుంచే వస్తున్నాయి. సరంగుకి గోదాములో ఏం పని? కింద "తమ్ముడు" అని రాశావు. కప్ప ఎక్కడికి పోయాడు?

నీళ్ళలో తడిసిన ఫోను మోగదు. నేను చేసే పనే అది. ఇంకెవరికైనా చెప్పు ఆ మాట.

ఏం జరిగిందో రాయి. పూర్తిగా రాయి.

అక్క

*

రేవు గోదాము
నవంబరు 2

అక్కా,

సెప్టెంబరు తొమ్మిదిన పడవ నడిమి మేట మీద ఎక్కేసింది.

నిండా సిమెంటు బస్తాలు. అంత బరువుతో కదలాలంటే ఏడడుగుల నీరుండాలి. మధ్యాహ్నం ఎనిమిదిన్నర ఉంటుందనుకున్నాను. అంచనా తప్పింది. వేగం తగ్గించకుండా పోనిచ్చాను. ఇసుక తగిలినప్పుడు పెద్ద చప్పుడేమీ రాదక్కా. ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టు పడవ టక్కున ఆగిపోతుంది, మనం మాత్రం ముందుకు పోతాం. నేను చుక్కాని మీద పడ్డాను. పక్కటెముకలు కమిలాయి, అంతే.

బాబాయి కింద ఇంజన్ పక్కన నిలబడి ఉన్నాడు. తూలి పడుతూ ఆసరా కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి బెల్టులోకి పోయింది. కుడిచెయ్యి. చిటికెన వేలు, దాని పక్కది, మధ్య వేలు, మూడూ పోయాయి. సాయం పడవ వచ్చేదాకా గంటన్నర నా చొక్కాతో ఆ చెయ్యి కట్టి పట్టుకుని కూర్చున్నాను. ఆయన అరవలేదు. "ఇంజన్ ఆపావా" అని రెండుసార్లు అడిగాడు.

విచారణలో బోర్డు చూశావా అని అడిగారు. లేదన్నాను. మరి దేన్ని నమ్ముకుని పోనిచ్చావంటే నా అంచనా అన్నాను. పడవ దింపేశారు. తేలేదాకా గోదాములో తాళ్ళు, లంగర్లు చూసుకోమన్నారు.

తప్పు నాది. నువ్వు దిగులుపడి చేసేదేమీ లేదు. రావద్దు.

తమ్ముడు

*

ఆఫీసు
నవంబరు 10

తమ్ముడూ,

నీ ఉత్తరంలో ఎనిమిదిన్నర అని రాశావు. అంచనా వేసేవాడు ఎనిమిది అంటాడు, తొమ్మిది అంటాడు. ఆ అర ఎక్కణ్ణుంచి వచ్చింది?

రేవు ఆఫీసు పేజీలో పాత రోజుల పట్టికలు అలాగే ఉంచుతారు. పెద్ద కంప్యూటర్లో సెప్టెంబరు తొమ్మిది తెరిచాను. నడిమి మేట. తెల్లవారుజామున తొమ్మిది. ఉదయం ఏడున్నర. మధ్యాహ్నం ఖాళీ. సాయంత్రం ఎనిమిదిన్నర. కింద చిన్న అక్షరాల్లో రాశారు: మేట దగ్గర ఇసుక కదిలింది, మళ్ళీ కొలిచేదాకా ఆ వేళకి అంకె ఇవ్వడం లేదు.

అదే పేజీ ఫోన్లో తెరిచాను. నడిమి మేట. తొమ్మిది. ఏడున్నర. ఎనిమిదిన్నర. మూడే అంకెలు. మూడోది ఎనిమిదిన్నర.

ఖాళీగా ఉన్న గడిని నేను తీసేశాను. కిందిది పైకొచ్చింది. నువ్వు మూడోది చూశావు.

బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుని చాలాసేపు ఉన్నాను. బయటికి వచ్చాక కూడా ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంకో మాట చెప్పాలి. దాస్తే నిన్ను దులిపే హక్కు నాకుండదు. ఆగస్టు పద్దెనిమిదిన ఒక బస్సు వేళల పేజీ పరీక్షిస్తుంటే ఇలాగే ఒక వేళ పైకి జరిగింది. చూశాను. మా తప్పుల జాబితాలో రాశాను. ఎప్పటికి బాగుచెయ్యాలి అన్న చోట "తర్వాత" అని రాశాను. నా చేత్తోనే. అప్పటికి పడవ మేట ఎక్కడానికి ఇంకా ఇరవైరెండు రోజులుంది.

నీకు తెలుసా ఇది? తెలిసే అంచనా అని చెప్పావా? నిజం రాయి.

అక్క

*

రేవు గోదాము
నవంబరు 19

అక్కా,

తెలుసు. ఆ సాయంత్రమే తెలిసింది. బాబాయిని ఆస్పత్రిలో చేర్చి వచ్చి, ఆ నలభై రెండు మెట్లూ ఎక్కి బోర్డు చూశాను. మధ్యాహ్నం కింద తెల్లగా ఉంది. జేబులో ఫోను తీసి చూశాను. మళ్ళీ బోర్డు చూశాను. నాలుగు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయి, నేను లెక్కపెట్టుకోలేదు. వేలు అలవాటుగా మూడోదాని మీదికి పోయింది.

విచారణలో కూర్చున్నప్పుడు ఆ ఫోను నా జేబులోనే ఉంది. తీసి బల్ల మీద పెడితే ఎవరిచ్చారంటారు. నీ పేరు చెప్పాలి. నీకు ఆ నాలుగో అంతస్తూ, ఆ పదకొండు ఫోన్లూ తప్ప ఏముంది? అది కూడా నా చేత్తో ఎందుకు తీసెయ్యాలి? నాకు గోదామైనా ఉంది.

మొన్నటిదాకా ఇదే అనుకున్నాను, ఏ బాధా లేకుండా. నీ ఉత్తరం చదివాక కుదరడం లేదు. ఆగస్టు పద్దెనిమిదినే తెలుసన్నావు. బాగుచెయ్యడానికి నీకు తీరిక లేదనుకో. నాకో కార్డు ముక్క రాయొచ్చు కదక్కా. "ఒరే, ఖాళీ గళ్ళు జాగ్రత్త" అని. నాలుగు మాటలు. నేను మెట్లెక్కి బోర్డు చూసుకునేవాణ్ణి. బాబాయి చొక్కా గుండీలు ఇప్పుడు వాళ్ళావిడ పెడుతోంది.

ఇది రాసి చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

అయిందేదో అయింది. ఎవరికీ చెప్పకు. బాబాయికి నేనూ చెప్పలేదు.

తమ్ముడు

*

ఇంటి నుంచి
డిసెంబరు 8

తమ్ముడూ,

ఆ కార్డు ముక్క ఎందుకు రాయలేదో నాకు తెలుసు. చెప్తాను, సాకు కాదు. ఆగస్టు పదకొండున నువ్వు రాసిన ఉత్తరం ఆ రోజు నా బల్ల సొరుగులో ఉంది. ఘటికురాలివి అన్నావు. సరంగులు అసూయపడుతున్నారన్నావు. అది రోజూ తీసి చదువుకునేదాన్ని. వారం తిరక్కుండానే "ఒరే, అందులో తప్పుంది" అని రాయడానికి మనసొప్పలేదు. బాగుచేసేశాక ఒకేసారి చెప్దామనుకున్నాను. ఇంత చిన్న కారణం.

నువ్వు వద్దన్నావు గానీ అప్పటికే రాసేశాను. రేవు ఆఫీసుకి నాలుగు పేజీల ఉత్తరం, రెండు తెరల ఫోటోలు పక్కపక్కన అంటించి. ఇక్కడ మేనేజరుకి కూడా ఒక నకలు ఇచ్చాను. ఆయన తలుపు మూసి కూర్చోబెట్టాడు.

"ఇది కంపెనీ తరఫున రాసింది కాదు కదా?"

"కాదండీ. అక్కగా రాశాను."

"మరి కంపెనీ మాటెందుకు?"

"ఆ నియమం రాసింది కూడా ఆ అక్కే కాబట్టి."

ఆయన కిటికీలోంచి చూస్తూ, "వచ్చే నెల బ్రౌజరు విడుదల" అన్నాడు. అంతలోనే నా వైపు తిరిగి, "మీ తమ్ముడి పడవ ఒక్కటేనంటారా, పరీక్షకిచ్చిన కార్డులు తీసుకున్నవాళ్ళలో ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు. తెలీదన్నాను. నిజంగానే తెలీదు. అప్పుడాయన ముఖం మారింది. విడుదల ఆపేశారు. జట్టు పెద్దరికం నా దగ్గర తీసేసి ఇంకొకరికిచ్చారు. పని మాత్రం నాకే వదిలారు.

ఇప్పుడు వేరేలా చేస్తున్నాం. పేజీని ముక్కలు చెయ్యం. ఎలా కట్టారో అలాగే, మొత్తం, చిన్నదిగా తెర మీద చూపిస్తాం. కావాల్సిన చోట వేలు పెడితే అక్కడ పెద్దదవుతుంది, పట్టిక పట్టికలాగే ఉంటుంది. చోటు పేరూ పైన వేళా కదలకుండా నిలబడతాయి. దీనికి ఈ ఫోను మెమరీ చాలదు. కనిపించినంత మేరే గీసి, వదిలినదాన్ని చెరిపేసి, మళ్ళీ గియ్యాలి. నత్తనడక. విడుదల ఆగిందన్న కోపంతో మా గదిలో అందరూ నాతో పొడిపొడిగా ఉంటున్నారు. భలే మనిషండీ అన్న ఆవిడ కూడా భోజనం బల్ల మార్చుకుంది. ఏమనుకోను. ముందు నుంచీ అలవాటే.

బాబాయికి నువ్వు చెప్పు. నేను రాస్తే పిరికితనమవుతుంది. నువ్వు చెప్పాక, ఆయన ఏమన్నా సరే, అక్షరం పొల్లుపోకుండా రాయి.

అక్క

*

పడవ మీద నుంచి, వంతెన కింద
జనవరి 17

అక్కా,

పైన చూశావుగా, ఎక్కడి నుంచి రాస్తున్నానో. మొదటి తారీకు నుంచి ఎక్కించారు. విచారణవాళ్ళు నీ ఫోటోలు రెండూ బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశారట. బోర్డు చూడకపోవడం నా తప్పుగానే రాశారు. అది నిజమే కదా, ఒప్పుకుని సంతకం పెట్టాను. ఇకనుంచి ఖాళీ ఉన్నచోట ఖాళీ వదలకుండా "కొలవలేదు" అని రాయాలని ఆఫీసుకి చెప్పారు.

బాబాయికి చెప్పాను. వాళ్ళింటి అరుగు మీద కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా. ఆయన ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. అయ్యాక, "ఇన్నాళ్ళూ వారానికి రెండుసార్లు వచ్చి నా పక్కన కూర్చున్నావు, నాతో ఒక్క ముక్క అనలేదు" అన్నాడు. నేను లేచి వచ్చేస్తుంటే వెనకనుంచి, "మీ అక్కని ఒకసారి రమ్మను. మొహం చూసి మాట్లాడాలి" అన్నాడు. తిట్టడానికో దేనికో నాకు తెలీదు. అక్షరం పొల్లుపోకుండా రాయమన్నావు, రాశాను.

కొత్త ఇంజన్ డ్రైవరు మంచివాడే. నవ్వడు. రోజుకి పది మాటలకి మించి వినపడవు పడవలో.

నీ మీద కోపం పోయిందా అని నన్ను నేనే అడుగుతున్నాను. కొన్ని రోజులు పోతుంది, బాబాయిని చూసొచ్చిన రోజు మళ్ళీ వస్తుంది. ఉన్నమాట రాస్తున్నాను. అయినా నువ్వు రా.

కప్ప

*

నీ గది, నీ బల్ల దగ్గర
ఫిబ్రవరి 12, మధ్యాహ్నం

కప్పా,

నిన్న పొద్దున్న దిగాను. నీరు తగ్గుతుందని మీ పడవని ఒకరోజు ముందే పంపించేశారని రేవు గుమాస్తా చెప్పి, నీ గది తాళం చేతిలో పెట్టాడు. నేనొస్తానని చెప్పి వెళ్ళావట. "మా అక్కకి ఇవ్వండి" అన్నావని ఆయన అంటుంటే, ఎవరో నన్ను అక్క అనడం విని ఎన్నాళ్ళయిందా అనుకున్నాను.

బాబాయి ఇంటికి వెళ్ళాను. నువ్వు చెప్పిన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పక ముందే గుర్తుపట్టాడు, నీలాగే ఉన్నానట. కూర్చోమన్నాడు. వాళ్ళావిడ మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది, నాతో మాట్లాడలేదు. ఆవిడది తప్పు కాదు.

"ఎలా జరిగిందో చూపించు" అన్నాడు. కాగితం మీద పట్టిక గీశాను. పక్కన ఫోన్లో ఎలా వచ్చిందో గీశాను. ఆయన ఎడమచేతి వేలితో ఆ ఖాళీ గడి మీద తట్టి, "ఇక్కడ ఏమీ లేదని నీకెవరు చెప్పారమ్మా? కొలిచేవాడు చూసి, తెలీదని వదిలాడు. తెలీదనేది కూడా కబురే కదా" అన్నాడు.

"క్షమించమని అడగడానికి వచ్చావా?"

"అడిగే మొహం లేదండీ. రమ్మన్నారని వచ్చాను."

"మంచిది. అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలీదు. ఇంజన్ చప్పుడు వింటే చాలు, ఇప్పటికీ చెయ్యి వెనక్కి లాక్కుంటాను. అది నీకు తెలియాలని పిలిచాను."

తర్వాత ఆయనే కొత్తది తెచ్చావా అని అడిగాడు. సంచిలోంచి తీసి ఇచ్చాను. ఎడమచేత్తో పట్టుకున్నాడు. వెనక్కి వెళ్ళే గుర్తు, పెద్దది చేసే గుర్తు, అన్నీ కుడివైపు అంచున పెట్టాం. ఆయన బొటనవేలు అంత దూరం చేరలేదు. రెండుసార్లు ఫోను జారి ఒళ్ళో పడింది. కుడిచెయ్యి సాయం తెచ్చుకోబోయి, చూసుకుని, మళ్ళీ దించేశాడు. పద్నాలుగు మందిమి, పదకొండు ఫోన్లు, మాలో ఒక్కరికీ ఎడమచెయ్యి గుర్తురాలేదు.

పొద్దుపోయేదాకా అక్కడే ఉన్నాను. ఆయన ఎక్కడ తడుముకున్నాడో, వేలు ఎంత దూరం పోగలిగిందో, అన్నీ రాసుకున్నాను. మధ్యలో విసుక్కున్నాడు, "ఇది పనికిరాదు, తీసుకెళ్ళు" అన్నాడు, మళ్ళీ తనే చెయ్యి చాపాడు. నేను లేచేసరికి వాళ్ళావిడ వచ్చి, ఎదురుగా చూడకుండా, "రేపు కూడా వస్తావా?" అంది. వస్తానన్నాను. ఇవాళ పొద్దున్న వెళ్ళొచ్చాను కూడా.

నీ గది ఇంత చిన్నదని ఎప్పుడూ రాయలేదు. ఒకటే కుర్చీ. ఒకటే గ్లాసు. నా గదిలో కూడా ఒకటే గ్లాసురా.

సెలవు ఇవాళ్టితో అయిపోయింది. ఇందాక ఆఫీసుకి ఫోను చేసి రెండు రోజులు రాలేనన్నాను. కారణం అడిగాడు మేనేజరు. "మా తమ్ముడు రేపు మధ్యాహ్నం వస్తున్నాడు" అన్నాను. సరేనన్నాడు.

అలవాటుకొద్దీ కాగితం తీశాను గానీ దీన్ని పోస్టులో వెయ్యను. రేపు నువ్వు రేవులో దిగగానే నీ చేతికిస్తాను. గదికి తెచ్చుకుని ఆ ఒక్క కుర్చీలో కూర్చుని చదువు. నేను మంచం మీద కూర్చుంటాను. చదవడం అయ్యాక కాగితం మడిచి, జవాబు నోటితో చెప్పాలి. కోపం ఉంటే కోపమే చెప్పు. మాటలు రాకపోతే రానీ. నేను లేచి వెళ్ళిపోను.

అక్క